నలుపు తెలుపులలో నిజమెంత?

మా కళాశాల గ్రంథాలయములో పాత వార్షిక సంచికలను బైండు చేయించి వరుసగా పేర్చి ఉంచినారు. ఏ సంపుటమునైనను ఒక వైపునుండి తెరచినచో తెలుగు విభాగము, రెండవ వైపునుండి తెరచినచో ఉర్దూ విభాగము. అధ్యాపకుల సమూహచిత్రము మాత్రము రెండింటను ఒకటే. ఈ ఏటి సంచికకై పాత చిత్రములను ఏరు పనిలో మేము ఆ సంపుటములను తిరగవేయుచుండగా ఒకచోట ఒక వింత కంటబడినది. ఉర్దూ విభాగమున చిత్రము క్రింద పేర్లు కుడినుండి ఎడమకు ఇచ్చినారు. ఆ లిపికి అది సహజమే. తెలుగు విభాగమునకు ఆ పేర్లనే ఆ వరుసలోనే ఎత్తి వ్రాసికొని, అలవాటు చొప్పున పైన ‘ఎడమనుండి కుడికి’ అని చేర్చినారు. దానితో ముందు వరుసలో కూర్చున్న తొమ్మిదిమందిలో ఎనిమిదిమందికి పేర్లు తారుమారైనవి. గణితోపన్యాసకులు అరబ్బీ బోధించువారైనారు; వ్యాయామోపాధ్యాయులు ఆంగ్లశాఖాధ్యక్షులైనారు. నట్టనడుమ కూర్చున్న ప్రిన్సిపాలుగారు ఒక్కరే ఏ ప్రక్కనుండి చదివినను తమ పేరును తాము నిలుపుకొన్నారు.

మేము నవ్వుకొన్నాము. నవ్వు చల్లారిన తరువాత ఒక ప్రశ్న మిగిలినది. ఆ చిత్రములో అసత్యమేమియు లేదు. ఆ దినమున ఆ కుర్చీలలో ఎవరు కూర్చున్నారో వారే అందులో ఉన్నారు. అయినను ఇన్ని సంవత్సరములుగా దానిని చూచిన తెలుగు విద్యార్థులు ఒకరిని చూచి మరియొకరనుకొన్నారు. ఛాయాచిత్రము అబద్ధమాడదని మనలో గట్టి నమ్మకము కలదు. న్యాయస్థానములో దానిని సాక్ష్యముగా చూపుదుము, దరఖాస్తుమీద అంటింతుము, పెండ్లిసంబంధము మాటలాడునపుడు చేతికిత్తుము. ఈ నమ్మకము ఎంతవరకు సరియైనదో, ముఖ్యముగా నలుపు తెలుపు చిత్రముల విషయములో, మాకు తెలిసినంతలో ఇచట వివరింపదలచినాము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. గ్రీకు మూలమునుబట్టి ‘ఫోటోగ్రఫీ’ అనగా కాంతితో వ్రాయుట. మన తెలుగువారు దానినే ఛాయాచిత్రమన్నారు. వెలుగును వదలి నీడను పట్టుకొన్నారు. ఉర్దూవారు ‘అక్కాసీ’ అన్నారు. ‘అక్స్’ అనగా ప్రతిబింబము. ఒకే వస్తువునకు వెలుగు, నీడ, ప్రతిబింబము అని మూడు పేర్లు. మూడును నిజమే. ఫిల్ముమీద వెండి లవణముల పొర ఉండును. కాంతి తాకిన చోట ఆ లవణము, మందునీటిలో కడిగినపుడు, నల్లని వెండి రేణువులుగా మారును. కాబట్టి తెల్లని చొక్కా నెగెటివులో నల్లగాను, నల్లని జుట్టు తెల్లగాను ఉండును. దానిగుండ మరల కాంతిని కాగితముమీదికి పంపినపుడు తిరిగి తలక్రిందులై సరియైన రూపము వచ్చును. అనగా మనము చూచు ప్రతి నలుపు తెలుపు చిత్రము నీడకు నీడ.

ఇంతవరకు చిక్కు లేదు. చిక్కు ఎక్కడ ఉన్నదనగా, వెండి లవణమునకు మన కన్నులవంటి కన్ను లేదు. తొలినాటి పలకలకు నీలికాంతి, ఊదాకాంతి మాత్రమే తెలియును. పసుపు మసకగా తెలియును. ఎరుపు దానికి చీకటితో సమానము. 1873లో హెర్మన్ వోగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పలకలకు కొన్ని రంగుద్రవ్యములు చేర్చినచో ఆకుపచ్చ, పసుపు కాంతులు కూడ వాటికి తెలియునని కనుగొన్నాడు. అట్టి పలకలకు ఆర్థోక్రొమాటిక్ అని పేరు. అన్ని రంగులను గ్రహించు పాంక్రొమాటిక్ పలకలు 1906లో ఇంగ్లండులో అమ్మకమునకు వచ్చినవి. అయినను వాటిని చీకటిలోనే కడుగవలెను గనుకను, వెల ఎక్కువ గనుకను, ఎర్రదీపము వెలుతురులో చూచుకొనుచు కడుగుటకు వీలైన పాతరకపు పలకలనే చాల స్టూడియోలు చాలకాలము వాడినవి.

దీని ఫలితము మన ఇండ్లలోని పాత పటములమీద ఇప్పటికిని కనబడును. మాకు తెలిసిన ఒకరింట ఒక పెండ్లి పటము కలదు. అందులో వధువు నల్లని దుపట్టా కప్పుకొని, నల్లని అరచేతులతో కూర్చున్నట్లుండును. మనుమడు ఒకడు, పెండ్లినాడు నల్లబట్టలు కట్టుట ఏమి ఆచారమని ఇంట అడిగినాడట. అది నలుపు కాదు. దుపట్టా ఎర్రనిది, అరచేతులలోనిది గోరింట. పలకకు ఎరుపు తెలియదు గనుక ఆ రెండును చీకటియైనవి. తెలుగువారి ఇండ్లలోని పాత పటములలో ముత్తైదువ నుదుటి కుంకుమ కాటుకచుక్కవలె కనబడుటకును కారణమిదే. గోధుమవన్నె మేనులు ఆ పలకలమీద ఉన్నదానికంటె నల్లగా పడును. అందుచేత స్టూడియోవారు సన్నని పెన్సిలుతో నెగెటివుమీద ముఖముండు చోట గీతలు గీసెడివారు. నెగెటివు చిక్కబడిన కొలది కాగితముమీద ముఖము తెల్లబడును. పలక చేసిన అన్యాయమును పెన్సిలు సరిదిద్దినదనవలెనా, లేక పెన్సిలు మరియొక అబద్ధమును చేర్చినదనవలెనా? చాలసార్లు రెండును జరిగినవనియే మా అభిప్రాయము. సరిదిద్దుట ఎక్కడ ఆగవలెనో పెన్సిలుకు తెలియదు.

ఆకాశము సంగతియు ఇట్టిదే. నీలము, తెలుపు ఆ పలకకు ఒకటే. కాబట్టి పందొమ్మిదవ శతాబ్దపు చిత్రములలో ఆకాశము సున్నము కొట్టిన గోడవలె బోసిగా ఉండును. కొందరు మేఘములను వేరొక పలకపై తీసి, ప్రింటు వేయునపుడు ఆ బోసిలో అతికినారు. తరువాతి కాలమున కటకము ముందు పసుపు అద్దము పెట్టి నీలమును తగ్గించి మేఘములను తేల్చినారు. ఎర్ర అద్దము పెట్టినచో పట్టపగటి ఆకాశము కారుమబ్బువలె నల్లబడును. పాంక్రొమాటిక్ ఫిల్ముకు అన్ని రంగులు తెలిసినను ఒక కష్టము మిగిలియే ఉన్నది: ఎర్రగులాబీ, దాని పచ్చని ఆకు ఒకే బూడిదవన్నెగా పడవచ్చును. నేటి చేతిఫోనులలో రంగుచిత్రమును ఒక మీటతో నలుపు తెలుపు చేయుచున్నాము. ఏ రంగు ఎంత నలుపు కావలెనో అచటను ఎవరో ముందుగా నిర్ణయించి పెట్టినదే.

కాలము కూడ చిత్రములో చేయి చేసికొనును. 1838లో దగేర్ అను ఫ్రెంచివాడు ప్యారిస్ నగరపు ఒక రాజవీథిని తన కిటికీనుండి వెండిపూత పూసిన రేకుమీద దింపినాడు. జనము, బండ్లు తిరుగు వీథి అది. రేకుమీద మాత్రము నిర్మానుష్యము. కాంతి పడుటకు కొన్ని నిమిషములు పట్టెను గనుక కదలువారెవ్వరు నిలువలేదు. బూట్లకు పాలిష్ చేయించుకొనుటకు ఒకచోట కాలు మోపి నిలిచిన ఒకడును, పాలిష్ చేయువాని ఆకారము మసకగాను మాత్రము మిగిలినవి. ఆ చిత్రమును నమ్మి ప్యారిస్ జనశూన్యమని చెప్పినచో చెప్పినవాని తప్పుగాని రేకు తప్పు కాదు.

ఇక దృక్కోణము. ఇది కొంత లెక్కతో కూడినది. విద్యార్థులు ఓపికతో చదువవలెనని కోరుచున్నాము. ఒక వస్తువు చిత్రములో ఎంత పెద్దదిగా పడునో అది దాని దూరమునకు విలోమానుపాతములో ఉండును. సమూహచిత్రములో ముందు వరుస కెమెరాకు 8 అడుగుల దూరమున, వెనుక వరుస 12 అడుగుల దూరమున ఉన్నదనుకొందము. వెనుకవారి తలలు ముందువారి తలలలో మూడింట రెండు వంతులే యగును. కెమెరాను 16 అడుగులు వెనుకకు జరిపినచో దూరములు 24, 28 అగును. అప్పుడు వెనుకవారి తలలు ముందువారివానిలో ఏడింట ఆరు వంతులు. మనుష్యులు కదలలేదు, వరుసలు మారలేదు. కెమెరాగల ఆసామి నాలుగడుగులు వేసినంత మాత్రమున వెనుకవారికి గౌరవము పెరిగినది. దృక్కోణమును కటకము మార్చునని చాలమంది అనుకొందురు. కటకము చిత్రమును దగ్గరగా చూపును, దూరముగా చూపును, అంతే. నిష్పత్తులను మార్చునది నిలుచుండు చోటు. చేతిఫోనుతో మూరెడు దూరమున తీసికొన్న ముఖములో ముక్కు పెద్దదగుటకును కారణము దూరమే.

కట్టడముల విషయములో ఇది ఇంకను స్పష్టము. చార్మినారు దగ్గర నిలిచి కెమెరాను పైకెత్తినచో 1591 నాటి ఆ నాలుగు మినారులు ఒకదానిపై ఒకటి ఒరగుచున్నట్లు పడును. పెద్దపలకల కెమెరాలలో పెట్టెను నిటారుగా ఉంచి కటకమును మాత్రము పైకి జరుపు వీలు ఉండెడిది. అప్పుడు నిలువుగీతలు నిలువుగనే యుండును. ఈ పనితనమునకు మన హైదరాబాదులో గొప్ప ఉదాహరణము రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో జన్మించినారు. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరులో కొలువు చేయుచు ఛాయాచిత్రకళను పట్టుకొన్నారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థానచిత్రకారునిగా చేసికొని ‘ముసవ్విర్ జంగ్’ అను బిరుదు ఇచ్చినారు. సికిందరాబాదులో ఆయన స్టూడియో ఉండెడిది. కొలతలు నేర్చిన ఇంజనీరు కన్ను ఆ చిత్రములలో కనబడును: స్తంభములు నిటారుగా నిలుచును, మెట్లు లెక్కపెట్టుటకు వీలుగా ఉండును.

అయినను దీన్‌దయాళ్ ఎక్కడ నిలిచినారు? దర్బారుకు ఎదురుగా నిలిచినారు. అది ఆయన కొలువు. రాజప్రాసాదములు, విందులు, వేటలు, సేనలు ఆయన పలకలమీద ఎంతో నిండుగా ఉన్నవి. 1902లో వైస్రాయి కర్జను ప్రభువు భార్యతో కూడ వరంగల్లు ప్రాంతమున నెక్కొండ వద్ద పులివేటకు పోయినపుడు తీసిన చిత్రము ప్రసిద్ధము. చచ్చిన పులి, వేటాడిన దొర, దొరసాని. పులిచర్మపు చారలు కూడ తేటగా ఉన్నవి. ఆ కాలపు దొరలవేటలో పులి తనంత తాను దొర ముందునకు రాదు. డప్పులు కొట్టుచు, కేకలు వేయుచు అడవిని గాలించి పులిని తోలుకొనివచ్చువారు పదులకొలది జనము ఉండెడివారు. చట్రమునకు నాలుగు అంచులు. వారు ఆ అంచులకు ఆవల ఉన్నారు. పలక చూపినదంతయు నిజమే. అయినను దానినుండి వేటను తెలిసికొనలేము, వేట ముగిసిన తరువాతి క్షణమును మాత్రము తెలిసికొందుము.

అదే దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీలకొరకు ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియో తెరచినారు. దానిని ఒక ఆంగ్లవనిత నడపినది. పరదాలోని స్త్రీలు పురుషుని కెమెరా ముందు కూర్చుండరు గనుక ఆ ఏర్పాటు. కెమెరా అదే, పలకలు అవే, కాంతి అదే. వెనుక నిలిచినవారు మారగనే అంతవరకు ఏ పలకమీదను పడని ముఖములు పడినవి. దృక్కోణమనగా అడుగులతో కొలుచునది మాత్రమే కాదని చెప్పుటకు మాకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకలేదు.

నిలిచిన చోటు నీతికి సంబంధించిన ప్రశ్నగా మారిన సందర్భములును కలవు. 1876-78లో వచ్చిన గొప్ప కరవులో మద్రాసు రాజధాని అల్లాడిపోయినది. మన బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతములు మిక్కిలి దెబ్బతిన్నవి. మద్రాసు సేనలోని విల్లోబీ వాలెస్ హూపర్ అను ఆంగ్లాధికారి కరవుబాధితులను వరుసగా కూర్చుండబెట్టి చిత్రములు తీసినాడు. ఎముకల గూళ్లవంటి తల్లులు, పిల్లలు. ఆ ఎముకలు నిజము, ఆ ఆకలి నిజము. దొరతనమువారి లెక్కలు ఏమి దాచినను ఈ చిత్రములు దాచలేదు. అయితే వారిని అట్లు కూర్చుండబెట్టి, సర్ది, కదలవద్దని చెప్పి చిత్రము తీసికొన్నవానికి వారి ఆకలి చిత్రమునకు ముడిసరుకైనదను విమర్శ అప్పటినుండి ఉన్నది. ఆ హూపరే 1886లో బర్మాలోని మాండలేలో ఖైదీలను కాల్చి చంపు సమయమున కెమెరా పెట్టినాడు. గుండు తాకు క్షణమును పట్టుటకై కాల్పుల ఆజ్ఞను ఆలస్యము చేయించినాడని ఆరోపణ వచ్చి, విచారణ జరిగినది. పటమునకై ప్రాణముతో ఆడుకొన్నాడను ఆ మాట విన్న తరువాత మేము ఆ కరవు చిత్రములను మరల చూచినాము. అవి మారలేదు, చూచు మా కన్ను మారినది.

సర్దుట అను మాట వచ్చినది గనుక లక్నో సంగతి చెప్పక తప్పదు. 1857 నవంబరులో అచటి సికందర్‌బాగ్‌లో రెండువేలమంది వరకు సిపాయీలు చంపబడినారు. ఫెలీచే బియాటో అను ఛాయాచిత్రకారుడు కొన్ని నెలల తరువాత, 1858లో అక్కడికి చేరినాడు. అతని చిత్రములో శిథిలమైన భవనము ముందు ఎముకలు చెల్లాచెదురుగా పడియుండును. చూచువారికి పోరు నిన్ననే ముగిసినట్లుండును. కప్పిపెట్టిన కళేబరములను చిత్రముకొరకై అతడు మరల బయట పెట్టించినాడని ఆనాటి ఆంగ్లాధికారి ఒకడు తన జ్ఞాపకములలో వ్రాసినాడు. మారణము నిజము, స్థలము నిజము, ఎముకలు నిజము. ఆ దృశ్యము మాత్రము కూర్చినది. దీనిని అబద్ధమని కొట్టివేయుటకు మాకు నోరు రాదు. ఉన్నది ఉన్నట్లని ఒప్పుకొనుటకును మనసు ఒప్పదు. ఇట్టి చిత్రము ప్రక్కన తేదీ, తీసిన విధము వ్రాసియుండవలెను. అంతకంటె ఎక్కువ అడుగుట న్యాయము కాదు, తక్కువతో తృప్తిపడుటయు న్యాయము కాదు.

చూచువాని తప్పు వేరే ఉన్నది. మార్గరెట్ బూర్క్-వైట్ అను అమెరికా వనిత 1946లో పూనాలో తీసిన గాంధీజీ చిత్రమును ఎరుగనివారుండరు. ఏమున్నదందులో అని మేము పలువురు విద్యార్థులను అడిగినాము. అందరును ‘గాంధీజీ రాట్నము వడకుచున్నారు’ అన్నారు. ఆయన వడకుట లేదు. నేలమీద కూర్చుండి కాగితములు చదువుచున్నారు. రాట్నము కటకమునకు దగ్గరగా ఉండుటచే చిత్రమంతయు తానైనది. మహాత్ముడు దాని వెనుక చిన్నగా ఉన్నాడు. రాట్నమును చూడగనే మన మనసు దానిని త్రిప్పివేసినది. ఇది చిత్రకారిణి నేర్పో, మన తొందరయో! కెమెరా దీనికి బాధ్యురాలు కాదు.

ఇప్పుడు మరల మా సమూహచిత్రమునకు వత్తుము. పేర్ల తారుమారు తెలిసిన తరువాత మేము అధ్యాపకుల గదిలో వ్రేలాడుచున్న అసలు పటమును దింపించి, దుమ్ము తుడిచి, సంచికలోని అచ్చుతో పోల్చి చూచినాము. ముందు వరుస తొమ్మిదిమంది, వెనుక పదునొకండుగురు, అంతయు సరిపోయినది. అయితే అసలు పటము కుడివైపున వ్రేలెడు వెడల్పు ఎక్కువ ఉన్నది. అందులో వరండా స్తంభమును ఆనుకొని ఒకరు నిలిచియున్నారు. ఖాకీ చొక్కా, చేతిలో గంట కొట్టు కొయ్యసుత్తి. వరుసలోనివారందరు కెమెరావైపు చూచుచుండగా ఆయన వరుసవైపు చూచుచున్నారు. బహుశః గంట వేళయైనదేమో. అచ్చులో చిత్రము ఆ స్తంభము వరకే ఉన్నది. పుట వెడల్పు చాలక కోసినారే గాని మరియొక ఉద్దేశముతో కోసినారని మేము అనుకొనుట లేదు. కాని కోయవలసివచ్చినపుడు ఎడమవైపు కుండీని కోయక కుడివైపునే కోసినారు.

పటము వెనుక అట్టమీద సిరాతో పేర్లున్నవి, ఉర్దూలో. ఇరువదిమంది పేర్లున్నవి. ఖాకీ చొక్కా ఆయన పేరు లేదు. పదవీవిరమణ చేసిన ఇద్దరు ఉపన్యాసకులను అడిగినాము. గంట కొట్టునాయన అని ఇద్దరును చెప్పినారు. ఆలస్యముగా వచ్చువారికొరకు రెండవ గంటను అర నిమిషము ఆలస్యముగా కొట్టెడివాడని కూడ ఒకరు చెప్పినారు. పేరు మాత్రము ఇద్దరికిని తట్టలేదు.

ఈ సంచికలో ఆ చిత్రమును కోయక పూర్తి వెడల్పున వేయవలెనని సంపాదకవర్గము తరపున కళాశాల కమిటీవారిని కోరినాము. పేర్లు ఉర్దూలో కుడినుండియు, తెలుగులో ఎడమనుండియు సరిచూచి ఇచ్చితిమి. స్తంభము ప్రక్క నిలిచినాయన పేరుకు రెండు భాషలలోను ఖాళీ వదలినాము. తెలిసిన పూర్వవిద్యార్థులు గ్రంథాలయపు బల్లమీద ఉంచిన పుస్తకములో ఏ లిపిలోనైనను వ్రాయవచ్చును.